ఆ మూత ఎవరిది? హైదరాబాద్ కొత్త కార్పొరేటర్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్ డివిజన్లకు కొత్తగా రాబోయే కార్పొరేటర్లకు,

నమస్కారం.

ఈ లేఖ రాస్తున్నవాళ్లం కొందరు మాజీ కార్పొరేటర్లం. సర్కిల్ ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన ఇంజినీర్లు, శానిటేషన్ వాళ్లు కూడా మాతో ఉన్నారు. మా గొప్పలు చెప్పుకోవడానికి కాదు లెండి. గెలిచాక మొదటి ఏడాదంతా ఏ పని ఎవరిదో తెలుసుకోవడానికే సరిపోతుంది. ఆ ఏడాదిని ఓ ఆర్నెల్లకు కుదిద్దామని ఈ ప్రయత్నం.

2007 ఏప్రిల్‌లో పాత ఎంసీహెచ్‌కి (హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌కి) చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. 2009 ఎన్నికల నుంచి 150 డివిజన్లు. 2025 చివర్లో మరో 27 పురపాలక సంస్థలు కలిశాక ఆ డివిజన్లు (వార్డులు) 300 అయ్యాయి. కొత్త మ్యాపులో మీ గీత ఎక్కడ ఆగినా, మీ గల్లీ మురుగు ఆ గీత దాటి పక్క డివిజన్లోకి పోతుంది, పై డివిజన్ వాన నీళ్లు మీ బస్తీలోకి వస్తాయి. కాబట్టి పై కార్పొరేటరుతో, కింది కార్పొరేటరుతో పార్టీ ఏదైనా మాట్లాడుకునే వీలు ఉంచుకోండి.

పని మంజూరు చేసేది మీరు కాదు, బిల్లు పాస్ చేసేదీ మీరు కాదు. లెటర్‌హెడ్ మీద మీరు రాసేది సిఫార్సు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) వచ్చి చూసి అంచనా తయారుచేస్తారు. అది ఆయన పై ఇంజినీర్లైన డీఈ, ఈఈల మీదుగా పైకెళ్తుంది. మొత్తాన్ని బట్టి జోనల్ స్థాయిలోనో, కమిషనర్ దగ్గరో, 15 మంది సభ్యుల స్టాండింగ్ కమిటీలోనో, జనరల్ బాడీలోనో మంజూరవుతుంది. ఇది బస్తీలో ఎవరికీ పట్టదు. వాళ్ల దృష్టిలో కార్పొరేటర్ అంటే అన్నీ చేయగలిగినవాడు, చేయనివాడు. మీ చేతిలో నిజంగా ఉన్నవి సభలో ప్రశ్న, ఓటు, ఫైలు వెంటపడే ఓపిక.

ఇక మూత సంగతి.

రోడ్డు మధ్యలో గుండ్రటి మూత పైకి లేచి మురుగు పొంగుతుంటే అది జలమండలిది, అంటే తాగునీళ్లు, మురుగు లైన్లు చూసే సంస్థది. రోడ్డు అంచున జాలీ ఉండి దాని మీద వాన నీళ్లు నిలిస్తే, ఆ క్యాచ్‌పిట్ కార్పొరేషన్‌ది. జలమండలి 1989లోనే వేరే సంస్థ అయింది. శివారు సర్కిళ్ల మురుగు లైన్లు కూడా 2021లో దాని చేతికే వెళ్లాయి. వాన నీటి కాలువలు మాత్రం కార్పొరేషన్ దగ్గరే ఉన్నాయి. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉంది. గల్లీలో మాత్రం రెండూ కలిసిపోయి ఉంటాయి. మురుగు లైన్ నిండిన ఇంటివాళ్లు కనెక్షన్‌ని వాన కాలువలోకి తిప్పేస్తారు. అపార్ట్‌మెంటువాళ్లు మేడ మీది వాన నీటి పైపును మ్యాన్‌హోల్‌లోకి దింపుతారు. అప్పుడు ఏ సిబ్బందిని పిలిచినా "ఇది మాది కాదు" అంటారు. ఆ మాట సగం నిజం కూడా.

వానొచ్చినప్పుడు గల్లీలో నీళ్లు పోవాలని ఎవరో ఒకరు గునపంతో మ్యాన్‌హోల్ మూత తీస్తారు. ఆ నిమిషానికి నీళ్లు దిగిపోతాయి, అందరూ మెచ్చుకుంటారు. పాత కాలనీల్లో ఆ మూత కింద ఉన్నది చాలాచోట్ల 8 అంగుళాల స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపు. ఒకప్పటి ఇండిపెండెంట్ ఇళ్ల వాడకానికి వేసింది. ఇప్పుడు అదే గల్లీలో అపార్ట్‌మెంట్లు లేచాయి, దాని మీద వాన నీళ్లు కూడా. నీళ్లతో పాటు ఇసుక, కవర్లు, కొబ్బరి పీచు లోపలికి పోయి వంపు దగ్గర కూర్చుంటాయి. పల్లంలో ఉన్న బస్తీలో బాత్రూంల నుంచి మురుగు వెనక్కి తన్నుతుంది. వారం తర్వాత ఎయిర్‌టెక్ మెషిన్ (మురుగు లైన్ పూడిక తీసే బండి) తెప్పించి కొట్టించాల్సి వస్తుంది. అన్నిటికన్నా ఘోరం, తీసిన మూత నీళ్ల కింద కనపడదు, మనిషి అందులో పడతాడు. జూన్ రాకముందే ప్రతి బస్తీ మీటింగ్‌లో ఈ ఒక్క విషయం చెప్పండి. లోతైన మ్యాన్‌హోళ్లకు మూత కింద సేఫ్టీ గ్రిల్ ఉందో లేదో నడిచి చూసి, లేనివాటి జాబితా జలమండలి సెక్షన్ మేనేజర్‌కి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. పూడిక తీయడానికి మనిషిని లోపలికి దింపబోతే అక్కడికక్కడే ఆపించండి. రక్షణ సాధనాలు లేకుండా అలా దింపడం మాన్యువల్ స్కావెంజింగ్‌ను నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం.

క్యాచ్‌పిట్ కూడా ఒకసారి వంగి చూడండి. జాలీ కింద గుంట, ఆ గుంట పక్కగోడలోంచి కాలువకు పోయే పైపు ఉంటాయి. పైపు నోరు గుంట అడుగుకు ఓ అడుగు పైన ఉండాలి, ఇసుక కింద ఆగడానికి. చాలాచోట్ల గుంట అడుగు, పైపు నోరు సమానంగా ఉంటాయి. దాంతో మొదటి వానకే ఇసుక పైపులో చేరుతుంది. ఇంకొన్నిచోట్ల రోడ్డు మీద రోడ్డు వేసి జాలీని పల్లంలోనో మిట్టలోనో వదిలేస్తారు. మిట్టలో ఉన్న జాలీలోకి నీళ్లు ఎలా ఎక్కుతాయి?

నాలాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

2020 అక్టోబర్ 13 రాత్రి వరద చూశాక ఈ ఊళ్లో నాలా అంటే తెలియనివాళ్లు లేరు. ఆ తర్వాత పెద్ద నాలాలకు ఎస్‌ఎన్‌డీపీ (నాలాల అభివృద్ధి పథకం) కింద విస్తరణ పనులు మొదలయ్యాయి. వాటి ఇంజినీర్లు, టెండర్లు వేరు. మీ కంటి ముందు ప్రతి ఏటా జరిగేది పూడికతీత. జనరల్ బాడీలో "ఫలానా నాలా పూడిక తీశారా?" అని అడిగితే "తీశాం" అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది. అలా అడగొద్దు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఎన్ని మీటర్లు, ఎన్ని క్యూబిక్ మీటర్లు, ఎన్ని ట్రిప్పులు, ఏ యార్డుకు, వేబ్రిడ్జి రసీదుల కాపీలతో సహా కావాలని రాసి ఇవ్వండి.

లెక్క మీరే వేసుకోవచ్చు. 2 మీటర్ల వెడల్పు నాలాలో 300 మీటర్ల పొడవున అర మీటరు పూడిక ఉంటే 300 క్యూబిక్ మీటర్లు. టిప్పరు 6 క్యూబిక్ మీటర్లు మోస్తే 50 ట్రిప్పులు. రికార్డులో 50 ఉండి, గల్లీవాళ్లు చూసింది 12 అయితే మిగతా 38 ఎక్కడున్నాయో మీకు తెలుసు, అడుగునే. పని మొదలయ్యే ముందు వెదురు కర్రకు గుర్తులు గీసి, నాలుగుచోట్ల పూడిక లోతు చూసి ఫోటో తీయించండి. పనయ్యాక అదే చోట, అదే కర్ర. తేదీ కనపడాలి. కర్రకు ఖర్చేం లేదు, కానీ మెజర్‌మెంట్ బుక్కులో రాసిన లోతుకు అదొక్కటే సాక్ష్యం.

తీసిన పూడిక గట్టు మీద పోస్తారు. నీరు కారిపోవడానికి ఒకరోజు ఉంచడం సబబే, తడి మట్టిని లారీకెత్తితే దారంతా కారుతుంది. రెండో రోజుకు ఎత్తకపోతే మాత్రం ఫోన్ చేయండి. వారం ఉంటే ఒక్క జల్లుకు మళ్లీ నాలాలోకే జారుతుంది, వచ్చే ఏడు అదే మట్టికి మళ్లీ బిల్లు. టెండర్లు డిసెంబర్‌కల్లా అయితే పని మే నెలకు ముగుస్తుంది. ఫైలు మార్చిలో కదిలిందంటే తొలకరికి యంత్రం ఇంకా నాలాలోనే ఉంటుంది.

నాలా పక్క కట్టడాల గురించి మీకు రోజూ ఫోన్లొస్తాయి. 2012 నాటి జీవో 168 దగ్గర పెట్టుకోండి. 10 మీటర్లకు మించిన వెడల్పున్న నాలాకు హద్దు నుంచి 9 మీటర్లు, అంతకు లోపు వాటికి 2 మీటర్లు వదలాలి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9. "ఒక్క ఫోన్ చేయండి సార్, కూల్చకుండా" అని వచ్చేవాళ్లలో పేదవాళ్లుంటారు, ఫ్లోర్ మీద ఫ్లోర్ వేసి అమ్ముకునేవాళ్లూ ఉంటారు. మొదటివాళ్లకు పునరావాసం అడగండి, గట్టిగా అడగండి. రెండోవాళ్ల కోసం చేసిన ఫోన్ ఏదో ఒక వానకు మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇక రోడ్లు. ఎన్నికల హామీల్లో మొదటిది, వరుసలో మాత్రం చివరన రావాల్సింది. ముందు మురుగు లైన్, తర్వాత తాగునీటి లైన్, తర్వాత వాన కాలువ, కేబుళ్లు, అన్నీ అయ్యాక రోడ్డు. కాలనీ సంఘం మాత్రం రోడ్డే ముందు అడుగుతుంది. వేయించారనుకోండి, మూడు నెలలకు జలమండలి పైపు కోసం తవ్వుతుంది. తవ్విన కందకంలో మట్టిని ఒక్కసారే నింపి పైన సిమెంటు పూస్తే మొదటి వానకు కుంగుతుంది. జానెడు మందం పోసి దిమ్మిస చేసి, మళ్లీ జానెడు, అలా రావాలి. ఇది చూడటానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, గంటసేపు అక్కడ నిలబడితే చాలు.

కాలనీల్లో ఇప్పుడు ఎక్కువగా వేస్తున్నది వీడీసీసీ రోడ్డు, అంటే పోశాక పైనుంచి అదనపు నీటిని లాగేసే సిమెంటు కాంక్రీటు రోడ్డు. 100 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 90 క్యూబిక్ మీటర్లు. ఒక ట్రాన్సిట్ మిక్సర్ (కాంక్రీటు తెచ్చే బండి) 6 తెస్తుంది, 15 బండ్లు రావాలి. 12 వస్తే రోడ్డు 12 సెంటీమీటర్లే. బండ్లు లెక్కపెట్టే పని గల్లీ చివరి కిరాణా కొట్టాయనకు అప్పగించినా చేస్తాడు. పాత రోడ్డును తవ్వకుండా పైనే పోస్తే గల్లీ అరడుగు లేస్తుంది, ఇళ్లు గుంతలో పడతాయి. అంచనాలో "పాత రోడ్డు తొలగింపు" అనే పద్దు ఉందో లేదో ముందే చూడండి. ఉండి కూడా తొలగించకపోతే ఆ డబ్బు ఎటు పోయిందో అడగొచ్చు.

పోసిన రోజే అక్కడ 15 సెంటీమీటర్ల ఇనుప అచ్చుల్లో క్యూబులు తీయాలి. ఎం30 కాంక్రీటు అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్ల బలం రావాలి. క్యూబుల్ని పని జరిగే చోట నింపారా, ఎక్కడో చేసి తెచ్చారా అన్నది చూడాలి. నింపేటప్పుడే తడి మీద తేదీ, గల్లీ పేరు గీకిస్తే మార్చడం కష్టం. మర్నాటికల్లా సుమారు 4 మీటర్లకు ఒకటి చొప్పున అడ్డకోతలు పడాలి. ఆలస్యమైతే రోడ్డు తనకు నచ్చిన చోట పగులుతుంది. తర్వాత కనీసం 14 రోజులు తడుపు. గోనెపట్టాలు పరిచి రెండు పూటలా నీళ్లు పెట్టాలి. మే నెలలో పోసి మూడు రోజులు తడిపి వదిలేసిన రోడ్డు మీద మరుసటి ఏడుకు కంకర తేలుతుంది. నీళ్లు ఎవరు పెడతారని కాంట్రాక్టర్ అడిగితే, ఆ ఖర్చు అంచనాలోనే ఉందని చెప్పండి.

తారు రోడ్డయితే వేడి ముఖ్యం. ప్లాంటు నుంచి వచ్చిన మాలు పరిచేటప్పుడు 140 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి, 90కి పడేలోపు రోలర్ పని అయిపోవాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని చల్లారిన లారీని వెనక్కి పంపమనండి. గుంత పూడ్చేటప్పుడు అంచులు నలుచదరంగా కోయాలి, దుమ్ము ఊడ్చాలి, తారు పూత పూయాలి, ఆ తర్వాతే మాలు. నిలిచిన నీళ్లలో మాలు పోసి పారతో కొట్టి వెళ్తే అది మర్నాటి ఆర్టీసీ బస్సు దాకా కూడా ఉండదు.

టెండరు అంచనా కంటే బాగా "లెస్"కు పోయిందని సంతోషపడొద్దు. ఆ తగ్గించిన డబ్బు సిమెంటులోంచో తడుపులోంచో వస్తుంది. పనికి డిఫెక్ట్ లయబిలిటీ గడువు (పాడైతే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం) ఎంతో అగ్రిమెంటులో చూసి, ముగిసే తేదీకి రెండు నెలల ముందు పగుళ్ల ఫోటోలతో లెటర్ పెట్టండి. గడువు దాటాక మళ్లీ మీ బడ్జెట్టే.

తాగునీళ్లు వాసన వస్తున్నాయన్న ఫిర్యాదు ఎప్పుడొచ్చినా అదే రోజు వెళ్లండి. మెయిన్ లైన్ దాకా అక్కర్లేదు, సాధారణంగా తప్పు ఇంటి కనెక్షన్‌లో ఉంటుంది. మోరీలోంచి అడ్డంగా పోయే తుప్పు పట్టిన ఇనుప పైపు అది. నీళ్లు వదిలినప్పుడు ఒత్తిడికి పైపులోంచి నీరే బయటికి కారుతుంది. సరఫరా ఆగాక లోపల ఖాళీ ఏర్పడి మోరీ నీటిని లాక్కుంటుంది. అందుకే మొదటి పది నిమిషాల నీళ్లే కంపు కొడతాయి, తర్వాత బాగుంటాయి. లైన్‌మన్‌ని క్లోరిన్ కిట్‌తో రమ్మనండి. చివరి ఇంటి కొళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కనపడాలి. ఏ ఇంటి దగ్గర అది సున్నా అవుతుందో, దానికీ ముందటి ఇంటికీ మధ్యలోనే లీకు వెతకాలి.

చెత్త లెక్క ఇంకోటి. ఒక స్వచ్ఛ ఆటోకు 600 ఇళ్లు అనుకుంటారు. ఇంటికి నలుగురు, మనిషికి అర కిలో లెక్కన 1,200 కిలోలు. ఆటో మోసేది ముప్పావు టన్ను. అంటే రెండు ట్రిప్పులు తప్పవు. ఆటోలు చెత్త దింపే ట్రాన్స్‌ఫర్ స్టేషన్ దగ్గర క్యూలో గంటన్నర నిలబడితే రెండో ట్రిప్పు ఎగిరిపోతుంది. ఆ గల్లీ చెత్త ట్రాన్స్‌ఫార్మర్ కిందకో ఖాళీ ప్లాటు మూలకో చేరుతుంది. మీరు అక్కడ ముగ్గు వేయించి, బోర్డు పెట్టించి, సీసీ కెమెరా పెట్టిస్తారు. చెత్త పది అడుగులు పక్కకు జరుగుతుంది. ఆటో డ్రైవరు తిరిగే సమయం రాసుకుని, స్టేషన్ దగ్గర వెయిటింగ్ ఎంతో చూసి సర్కిల్ ఆరోగ్య, పారిశుద్ధ్య అధికారి అయిన ఏఎంఓహెచ్‌తో మాట్లాడటమే దారి. ఆఫీసులకు వెళ్లేవాళ్ల ఇళ్లున్న గల్లీకి ఆటో పదకొండు గంటలకు వస్తే డబ్బా ఎవరు తెచ్చిస్తారు? రూటు తిప్పి వేస్తే సగం గొడవ పోతుంది.

పారిశుద్ధ్య కార్మికుల దగ్గర ఒక్కటే జాగ్రత్త. ఎస్‌ఎఫ్‌ఏ (కార్మికుల పని చూసే శానిటరీ ఫీల్డ్ అసిస్టెంట్) కింద సాధారణంగా ఏడుగురు చొప్పున మూడు గ్రూపులు, 21 మంది. హాజరు పట్టీలో 21 ఉండి, రోడ్డు మీద 15 మంది కనపడితే మిగతా ఆరుగురి జీతం ఎవరో తింటున్నారని అర్థం. పొద్దున ఆరు గంటలకు హాజరు పాయింట్ దగ్గర టీ తాగండి, నెలకు రెండుసార్లు, చెప్పకుండా. "మావాడిని ఎస్‌ఎఫ్‌ఏగా వేయించండి" అనే మొదటి సిఫార్సు మీరే చేస్తే ఆ తర్వాత తలలు లెక్కపెట్టే హక్కు పోతుంది.

వీధి దీపాలది తేలిక. ఒక్కటే ఆరితే ఆ లైటు, వరుసంతా ఆరితే సీసీఎంఎస్ బాక్సు (ఆ వరుస దీపాల్ని నియంత్రించే పెట్టె) లేదా కేబులు, లైట్లతో పాటు ఇళ్లూ ఆరితే కరెంటువాళ్ల నంబరు 1912. మురుగుకు, నీళ్లకు 155313. మిగతా వాటికి కార్పొరేషన్ నంబరు 040-21111111. అధికారికి ఫోన్ చేసే ముందు ఫిర్యాదు నంబరు పుట్టించండి. నంబరు లేని పనికి ఆలస్యం అంటూ ఉండదు, ఎందుకంటే అది రికార్డులోనే లేదు. పని కాకుండానే "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తే ఆ స్క్రీన్‌షాట్ దాచిపెట్టండి, జనరల్ బాడీలో పనికొస్తుంది.

దోమలకు ఫాగింగ్ అడుగుతారు. పొగ కనపడుతుంది కాబట్టి జనానికి తృప్తి. అది ఎగిరే దోమల్నే చంపుతుంది, లార్వాను కాదు. డెంగీ దోమ పుట్టేది నాలాలో కాదు, ఇంట్లో మూతలేని డ్రమ్ములో, కూలర్‌లో, మేడ మీది టైర్లలో. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు. వారానికోసారి ఒలకబోస్తే చాలు.

కాగితాల కోసం వచ్చేవాళ్లకు తేదీలు నోటికొచ్చి ఉండాలి. జననం, మరణం 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుం లేదు. ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు కావాలి. పుట్టిన బిడ్డకు పేరు ఏడాదిలోపు ఉచితంగా చేర్చుతారు. ఇంటి పన్ను బకాయికి నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏప్రిల్‌లో ఎర్లీబర్డ్ ప్రకటిస్తే ఏడాది మొత్తం ఒకేసారి కట్టినవాళ్లకు 5 శాతం తగ్గుతుంది.

ఆఖరుగా ఒక పని, ప్రమాణ స్వీకారం అయిన మొదటి నెలలోనే. మీ డివిజన్‌లో వాల్వులు ఎక్కడున్నాయి, ఏది తిప్పితే ఏ గల్లీకి నీళ్లు వస్తాయి, ఏ మ్యాన్‌హోల్ మూత తారు కింద పూడిపోయింది, పాత స్టోన్‌వేర్ లైన్ ఏ ఇంటి ప్రహరీ కింద నుంచి పోతుంది, ఇవి ఆఫీసు మ్యాపులో సగమే ఉంటాయి. మిగతా సగం లైన్‌మన్‌కు తెలుసు. పాతికేళ్లుగా అదే వాల్వు తిప్పుతున్న ఆయన ఒక్కో డివిజన్‌లో ఒకరో ఇద్దరో మిగిలారు. ఏఈని, జలమండలి వాళ్లను వెంటబెట్టుకుని ఓ రెండు ఆదివారాలు ఆయనతో గల్లీ గల్లీ నడవండి. ఆయన చూపించిన ప్రతిచోటా గోడ మీద పెయింటుతో బాణం గుర్తు, అడుగుల్లో దూరం వేయించండి, మ్యాపులో ఎక్కించండి. ముందు ఆయన రిటైర్మెంట్ తేదీ ఎప్పుడో కనుక్కోండి.

ఇట్లు,
కొందరు మాజీ కార్పొరేటర్లు, రిటైర్డ్ మున్సిపల్ సిబ్బంది
హైదరాబాద్